బాలపౌరుల గురువు: యానుష్ కోర్చాక్

చిన్నపిల్లలకు పౌరధర్మములను, అర్థశాస్త్రమును నేర్పవచ్చునా యను ప్రశ్న పాఠశాలలతో సంబంధముగల వారిని చిరకాలమునుండి బాధించుచున్నది. నేర్పవచ్చు నని నమ్మినవారు పుస్తకములు వ్రాసిరి. ప్రభుత్వాంగము లెన్నియో, పన్ను లెన్నివిధములో, సరకుల ధర లేల హెచ్చునో, ఏల తగ్గునో ఆ పుస్తకములలో వరుసగా నుండును. ఎనిమిదేండ్ల బాలుడు వానిని కంఠస్థముచేసి, పరీక్షనాడు ఒప్పజెప్పి, మఱునాడు మఱచిపోవును. ఇందు బాలుని దోష మేమియు లేదు. తనదని చెప్పుకొనదగిన పెట్టె యొకటియైన లేనివానికి ఆస్తిహక్కు అననేమి? తనమాట నెవ్వరును చెవినిబెట్టని యింట పెరుగువానికి వోటు అననేమి? చేతిలో దమ్మిడీ యాడనివానికి ధర యననేమి? అనుభవము లేనిచోట పదములు శబ్దములుగా మాత్రమే నిలుచును.

ఈ ప్రశ్నకు ఒక గ్రంథముతో గాక, ఒక యింటితో సమాధానము చెప్పిన మహనీయుడు పోలెండు దేశమున నుండెను. ఆయన వైద్యుడు, రచయిత. నూఱుమంది యనాథబాలురను, బాలికలను చేరదీసి, వారి చేతికి చీపురును, వోటును, న్యాయస్థానమును, పత్రికను ఒప్పగించి, ముప్పదియేండ్లు వారితో కలిసి జీవించి, తుదకు వారితో కలిసియే మృత్యుముఖమున ప్రవేశించెను. తలిదండ్రులు పెట్టినపేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. లోకము ఆయనను యానుష్ కోర్చాక్ అని యెఱుగును. ఆయన మరణకథ జగద్విదితము. ఆయన బ్రదికియుండగా చేసినపని అంతగా తెలియదు. పిల్లలను బడికి పంపు ప్రతి గృహస్థుడును, పల్లెలో పదిమంది పెద్దలలో నొకడై తగవులు తీర్చువాడును తెలిసికొనదగినది ఆ పనియే.

ఆయన వార్సా నగరమున 1878వ సంవత్సరముననో 1879వ సంవత్సరముననో జూలై 22వ తేదీని జన్మించెను. తండ్రి పుట్టుకను సకాలమున నమోదు చేయింపకపోవుటచే రెండు సంవత్సరములును వాడుకలోనికి వచ్చినవి. ఆనాడు పోలెండు అను రాజ్యము దేశపటమున లేదు. 1795నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు దానిని మూడుముక్కలుగా పంచుకొనియుండిరి. వార్సా రష్యా చక్రవర్తి యేలుబడిలోనిది. బడిలో చదువు రష్యను భాషలో జరుగుచుండెను. మాతృభాషకు అచట స్థానము లేదు. దండనకు మాత్రము కొదువ లేదు. పరభాషలో పాఠము వల్లించుచు పెరిగిన బాలుని మనస్సు ఎట్లుండునో మన పూర్వతరములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రభుత్వమనగా పైనుండి కొట్టు చేయి యని ఆ పిల్లలు బడిలోనే నేర్చుకొనిరి. పుస్తకములో లేకపోయినను అదియు పౌరధర్మబోధయే.

తండ్రి జోసెఫ్ గోల్డ్‌ష్మిట్ పేరుగల న్యాయవాది. యూదుకుటుంబమైనను పోలిష్ భాషాసంస్కృతులను తమవిగా చేసికొన్న గృహము. సంపన్నముగా సాగుచున్న ఆ సంసారము తండ్రికి మతిభ్రమణము కలుగుటతో తలక్రిందయ్యెను. వైద్యమునకై ధనము నీళ్లవలె ఖర్చయ్యెను. ఇంటి సామాను ఒక్కొక్కటిగా తాకట్టు దుకాణము చేరెను. 1896లో తండ్రి మరణించెను. తల్లియు సోదరియు తనపై నాధారపడగా, ఇంకను విద్యార్థిగా నున్న ఆ బాలుడు ధనికుల బిడ్డలకు ఇండ్లవద్ద పాఠములు చెప్పి కుటుంబమును పోషించెను. అర్థశాస్త్రములో ఆయన చదివిన ప్రథమపాఠ మిది. పిల్లలకు డబ్బుసంగతి తెలియదని పెద్దలు భ్రమపడుదురనియు, ఇంటిలో డబ్బు లేకపోవుటను అందఱికంటె ముందు కనిపెట్టువారు పిల్లలే యనియు ఆయన నాడే గ్రహించెను.

1898లో ఒక రచనలపోటీకి నాటకము పంపుచు యానుష్ కోర్చాక్ అను మాఱుపేరు పెట్టుకొనెను. అది యొక పాత నవలలోని నాయకుని పేరునుండి గైకొన్నది. ఆ సంవత్సరముననే వార్సా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యలో చేరి 1905లో పట్టము పుచ్చుకొనెను. వెంటనే రష్యా-జపాను యుద్ధమునకు సైనికవైద్యునిగా మంచూరియాకు పంపబడెను. మరలివచ్చి వార్సాలోని యూదుబాలుర ఆస్పత్రిలో 1912వఱకును పనిచేసెను. రచయితగా పేరు వచ్చినది. గొప్పయిండ్లనుండి పిలుపులు వచ్చినవి. ధనికులవద్ద హెచ్చు రుసుము పుచ్చుకొని, బీదపిల్లలకు ఉచితముగా వైద్యము చేయుచుండెను. కాని ఆయన మనస్సునకు శాంతి కలుగలేదు. జ్వరము తగ్గించి పంపిన బిడ్డ అదే చీకటిగదికి, అదే యాకలికి మరలిపోవుచుండెను. దేహమునకు మాత్రమే మందిచ్చి బాల్యమును బాగుచేయజాలమని తోచి, మంచి ఆదాయముగల వృత్తిని విడిచి, వివాహమును మాని, అనాథపిల్లల నడుమ నివసింప నిశ్చయించుకొనెను.

ఆయనకు బోధనాపటిమ పుట్టుకతో వచ్చినది కాదు. బీదపిల్లలను వేసవిలో పల్లెపట్టునకు తీసికొనిపోవు శిబిరమున తొలిసారి పనికి కుదిరినప్పుడు, ప్రేమయు మంచిమాటలును ఉన్న చాలునని తలంచి వెళ్లెను. పిల్లలు అల్లరి చేసిరి. రాత్రులు నిద్రపోనీయక గోల చేసిరి. ఆయన గద్దించెను, బెదరించెను. తన ఓటమిని దాచుకొనక గ్రంథస్థము చేసెను. పిల్లలకు చెప్పుటకంటె పిల్లలతో మాటలాడుట మేలనియు, వారు ఏమి కావలయునని తాను కోరుచున్నాడో దానిని కట్టిపెట్టి, వారు ఏమి కాగోరుచున్నారో అడుగవలయుననియు ఆయన కచట తెలిసివచ్చెను. దొరతనము చేయువానికిని, బడిపంతులునకును ఇంతకంటె కష్టమైన పాఠము వేఱొకటి లేదు.

1912లో వార్సాలోని క్రొహ్‌మాల్నా వీధి 92వ నంబరున అనాథ యూదుబాలుర నిలయము స్వంతభవనమున తెఱవబడెను. ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు ప్రాయముగల నూఱుమంది పిల్లల కది నివాసము. కోర్చాక్ దానికి అధ్యక్షుడు. బెల్జియములో చదివివచ్చిన స్తెఫానియా విల్చిన్‌స్కా అను విదుషి నిత్యకృత్యములను నడిపెను. కోర్చాక్ పేరు వెనుక ఆమె శ్రమ మఱుగుపడినది. ఆమె లేనిదే ఆ గృహము ఒక్కమాసమైనను నిలిచెడిది కాదు. మొదటి సంవత్సరము మిక్కిలి కష్టముగా గడచెను. వీధిలో బలవంతునిదే న్యాయమని పెరిగినపిల్లలు క్రొత్త నియమములను తిరస్కరించిరి. ఆ గడ్డుకాలమునుండియే ఆ గృహరాజ్యాంగము పుట్టెను.

మొదటి నియమము శ్రమ. గృహమున సేవకులు మిక్కిలి కొలదిమంది. ఊడ్చుట, వడ్డించుట, కూరలు తఱుగుట, గ్రంథాలయమును చూచుట, చిన్నవారికి చదువు చెప్పుట మున్నగు పనులన్నియు పిల్లలు పంచుకొని చేయుచుండిరి. ఎవరికేపని యిష్టమో వారు దరఖాస్తు పెట్టుకొనవలయును. పనులు అరగంటల లెక్కను కొలువబడి పేరుపేరున జమకట్టబడుచుండెను. చీపురులను మూలను దాచక, పడకగది ద్వారమువద్ద గౌరవస్థానమున వ్రేలాడదీసిరి. తాను తక్కువవాడు కాబట్టి ఊడ్చుచున్నాడని యే పిల్లవాడును అనుకొనరాదు. కోర్చాక్ స్వయముగా భోజనానంతరము పళ్లెములెత్తుచుండెను. అట్లు చేయుటవలన పగిలిన పళ్లెములును, వంగిన చెంచాలును, వడ్డనలో జరిగిన హెచ్చుతగ్గులును తన కంటబడునని ఆయన చెప్పుచుండెను. ఆయన యెడల భక్తిచే ఆ పని మాన్పింపబూనిన సహచరులను ఆయన మెచ్చుకొనలేదు. ఏ వస్తువునకు ఎంత శ్రమ పట్టినదో యెఱిగినవాడే దాని వెల యెఱుగునని ఆయన పద్ధతి తెలుపుచున్నది. అర్థశాస్త్రమునకు ఇంతకంటె మంచి అక్షరాభ్యాసము కలదా?

రెండవది ఆస్తి. ప్రతిబాలునకును తనదైన సొరుగొకటి యుండెను. దానిలో ఏముండిన నుండనిమ్ము: గాజుపూస, తెగిన త్రాడు, మేకు, గవ్వ, చాకొలేటు చుట్టిన కాగితము. పెద్దలకు చెత్తగా గాన్పించు ఆ వస్తువులే పిల్లవాని సిరిసంపదలు. శుభ్రము పేరిట వానిని పాఱవైచు ఉపాధ్యాయుడు పరధనాపహరణము చేయుచున్నాడని కోర్చాక్ తలంచెను. పోయిన వస్తువు దొరకినయెడల దానిని గాజుతలుపుల బీరువాలో నుంచెడివారు. పోగొట్టుకొన్నవాడు గుర్తించి తీసికొనిపోవును. దొరకిన ప్రతివస్తువునకును ఒక యజమాను డుండునని ఆ బీరువా దినదినము బోధించుచుండెను. పరుని గవ్వను గౌరవింప నేర్చినవాడు పెద్దవాడై పరుని పొలముగట్టును జరుపడు.

మఱియు ఆ గృహమున ఒక చిన్నయంగడి యుండెను. పలకపుల్లలు, నోటుపుస్తకములు, కలములు మున్నగునవి అచట నిర్ణీతకాలమున లభించును. కొన్ని యుచితము, కొన్ని వెలకు. ఎవరికేమి యిచ్చినది పుస్తకములో నెక్కును. ఊడిన పాలపండ్లను కోర్చాక్ పిల్లలవద్ద కొనుచుండెనని పూర్వవిద్యార్థు లెందఱో చెప్పికొనిరి. నవ్వుతో జరిగిన యీ బేరమువలన చేతికి నాలుగు చిల్లర నాణెములు వచ్చుటయేగాక, వానిని నేడే మిఠాయికి వెచ్చించుటయా, నిలువ చేయుటయా యను మీమాంసయు వచ్చుచుండెను. ఇంకొక వింతబేరము పందెము. ప్రతిదినము కొట్లాడు బాలుడు ఈవారమున ఇన్నిసార్లే కొట్లాడెదనని తానే ఒక సంఖ్య చెప్పి డాక్టరుతో పందెము వేయును. గెలిచిన మిఠాయిలు లభించును. వచ్చువారము సంఖ్య తగ్గును. ఒక్కనాటిలో సాధువు కమ్మని ఆజ్ఞాపింపక, అప్పును వాయిదాలమీద తీర్చినట్లు దుర్గుణమును తీర్చుకొమ్మని అవకాశమిచ్చుట యిందలి విశేషము. లెక్క చెప్పువాడు ఆ బాలుడే. అబద్ధమాడిన పట్టుకొనువాడెవ్వడును లేడు. వర్తకమునకు మూలధనము నమ్మకమని చెప్పుటకు ఇంతకంటె వేఱు ఉపన్యాస మక్కఱలేదు.

1924లో ఆయన చిన్న జాక్ దివాలా యను కథను పిల్లలకొఱకు ప్రకటించెను. అమెరికాలోని యొక బడిపిల్లవాడు తన తరగతికి సహకార సంఘమును స్థాపించి, అందఱికిని కావలసిన సామగ్రిని కలిసికొనుట, లెక్కలు వ్రాయుట, అరువులిచ్చుట, వసూలుచేయుట, చిక్కులలో బడుట అందలి యితివృత్తము. కథనడుమ జమాఖర్చుల పట్టికలే యుండును. సహకారోద్యమమును గుఱించి పెద్దలకు బరువైన గ్రంథములు వెలువడుచున్న కాలమున, ఆయన దానిని పదేండ్లవాని చేతిలోని చిఠ్ఠా ఆవర్జాలతో చెప్పెను. నాయకుని విజయముతో ముగింపక దివాలాతో ముగించుటలో ఆయన నిజాయితీ కలదు. మంచి యుద్దేశము లెక్కలకు మాఱుగాదనియు, దివాలా తీసినవాడు దుర్మార్గుడే కానక్కఱలేదనియు పిల్లలు తెలిసికొనవలయునని ఆయన యభిప్రాయము.

ఇక పౌరధర్మము. గృహమున ఒక నోటీసుబోర్డును, ఒక ఉత్తరముల పెట్టెయు నుండెను. ప్రతి చిన్నకోరికకును పెద్దల కొంగుపట్టుకొని వేధింపక, వ్రాసి పెట్టెలో వేయవలయును. వ్రాయబూనినప్పుడే సగము ఫిర్యాదులు అల్పములని పిల్లలకే తోచును; తక్కినవానికి సమాధానమువఱకు ఓపికపట్టుట అలవడును. కాని యన్నిటికంటె ప్రసిద్ధమైనది పిల్లల న్యాయస్థానము. ఎవరిపై ఫిర్యాదు చేయదలచినను బోర్డుపై తనపేరును, ప్రతివాదిపేరును వ్రాయవలయును. ఆవారమున తనపై వ్యాజ్యములేని పిల్లలనుండి చీట్లువేసి ఐదుగురు న్యాయాధిపతులను నిర్ణయించెడివారు. ఉపాధ్యాయుడు కార్యదర్శిగా వాఙ్మూలములను వ్రాసికొనును. ఆయనకు వోటు లేదు. తీర్పులు అందఱియెదుట చదువబడును.

ఆ న్యాయస్థానమునకు కోర్చాక్ వ్రాసిన శిక్షాస్మృతి విచిత్రమైనది. ఒకటి మొదలు తొంబదితొమ్మిదివఱకు గల నిబంధనలన్నియు క్షమించుటకో, వ్యాజ్యమును త్రోసివేయుటకో ఏర్పడినవి. తెలియక చేసెను, ఇక చేయడు, పశ్చాత్తాపపడెను, కోపమున చేసెను: ఇట్టివి. నూఱవ నిబంధనతో గాని దోషనిర్ణయము మొదలుకాదు. అటుపై నూఱునూఱుగా పెరుగుచు వేయవ నిబంధనతో గృహమునుండి వెడలగొట్టుట సంభవించును. అట్లు పోయినవాడును మూడుమాసముల తరువాత మరల చేరుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దెబ్బలు లేవు, పస్తులు లేవు. సంఖ్య మాత్రమే శిక్ష. అందఱును వినుచుండగా తనపేరున ఒక సంఖ్య చదువబడుటకంటె బాలునికి భయంకరమైనది లేదు. నోరులేనివానిని నోరుగలవానినుండియు, చదువుకొనువానిని అల్లరివానినుండియు కాపాడుట ఈ ధర్మాసనముయొక్క ముఖ్యోద్దేశము.

శాసనము పిల్లలకే వర్తించి పెద్దలకు వర్తింపనిచో అది వట్టి యాట యగును. ఆరుమాసములలో ఐదుమాఱులు కోర్చాక్ తనపై తానే ఫిర్యాదు వ్రాసికొని ఆ చిన్న న్యాయాధిపతుల యెదుట నిలిచెను. ఒకబాలుని చెంపపై కొట్టినందులకు, ఒకనిని పడకగదినుండి వెడలగొట్టినందులకు, ఒకనిని మూలను నిలువబెట్టినందులకు, ఒక న్యాయాధిపతిని అవమానించినందులకు, ఒక బాలికను దొంగతనమునకై అనుమానించినందులకు ఆయన ముద్దాయి యయ్యెను. చదువరులు ఒక్కక్షణ మాలోచింపవలయును. మన గ్రామములలో గాని పట్టణములలో గాని ఇంటిపెద్ద, బడిపెద్ద, కచేరీపెద్ద తనక్రిందివారి యెదుట నిలిచి తాను తప్పు చేసితినని చెప్పుట మన మెన్నడైన కంటిమా? శాసనమున కందఱును సమానులను సూత్రమును వేయిసారులు వల్లించుటకంటె ఆ యొక్కదృశ్యము చూచిన బాలునికి ఎక్కువ యర్థమగును.

ఈ యేర్పాటు నిర్దోషమని కోర్చాక్ చెప్పుకొనలేదు. కొందఱు పిల్లలు న్యాయస్థానమును పరిహాసము చేసిరి. కొందఱు పగతీర్చుకొనుటకు దాని నుపయోగించిరి. ఎట్లును క్షమింతురుగదా యని కొందఱు బరితెగించిరి. ఒకప్పుడు నాలుగువారములు దానిని నిలిపివేయవలసివచ్చెను. ఆయన కారణములను విచారించి, పెద్ద విషయములకు ఒక న్యాయసంఘమును చేర్చి, మరల తెఱచెను. ఇరువదిమంది సభ్యులుగల శాసనసభయు ఏర్పడెను. ఐదుగురు పిల్లలు ఒక నియోజకవర్గము. నాలుగు వోట్లు వచ్చినవాడు ప్రతినిధి. అవినీతి వ్యాజ్యము తనపై నున్నవాడు నిలుచుటకు అర్హుడు కాడు. క్రొత్తగా చేరినవానినిగుఱించి మాసము గడచినపిమ్మట గృహమంతయు వోటుచేసి, అభిమానము, విముఖత, ఔదాసీన్యము అను మూడుగుర్తులలో నొకటి వేయుచుండెను. దానినిబట్టి వాని హోదా నిర్ణయమగును. ప్రవర్తనచే దానిని పెంచుకొనవచ్చును. తల్లిదండ్రులను కోల్పోయిన పసివానిని ఇట్లు తోటివారి వోటుకు గుఱిచేయుట కఠినమని మనకు తోచును. ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. లోకము లోలోపల ఎట్లును వేయుచున్న ఆ వోటును బయటపెట్టి, దానిని మార్చుకొను మార్గమును జూపుటయే తన పని యని ఆయన తలంచినట్లున్నది.

1918లో పోలెండు స్వతంత్రమయ్యెను. నూటయిరువదిమూడేండ్ల దాస్యము ముగిసిన దేశమునకు పౌరులను తయారుచేయుట అత్యవసరము. మరుసటి సంవత్సరమున మారియా ఫాల్స్కా యనునామెతో కలిసి పోలిష్ కార్మికుల యనాథపిల్లలకై మఱియొక నిలయమును స్థాపించి, అచటను ఇదేపద్ధతి నడిపించెను. 1923లో మాట్ మహారాజు కథను ప్రకటించెను. తండ్రి మరణముచే రాజైన పసివాడు పిల్లలకు కూడ ఒక శాసనసభ నిచ్చును. పెద్దలను బడికి పంపి పిల్లలే పనులకు పోవుదురని ఆ సభ తీర్మానించును. రైళ్లు, ఉత్తరములు, అంగళ్లు అన్నియు తాఱుమాఱగును. తుదకు శత్రువులు దండెత్తి రాజును ద్వీపాంతరమునకు పంపుదురు. పిల్లలకు అధికారమిమ్మని జీవితమంతయు వాదించినవాడు, శిక్షణలేని యధికారము ఏమిచేయునో పిల్లలకే కథగా చెప్పెను.

1926 అక్టోబరులో వార్సాలోని యొక యూదుల దినపత్రికకు అనుబంధముగా పిల్లలే వ్రాయు వారపత్రికను ప్రారంభించెను. ప్రతి శుక్రవారమును అది వెలువడుచుండెను. ఊరూరనుండి పిల్లలు తమ బడిసంగతులను, ఇంటికష్టములను, వీధి యన్యాయములను వ్రాసిపంపిరి. నాలుగేండ్ల తరువాత ఆయన సంపాదకత్వమును తన కార్యదర్శి ఈగోర్ నెవెర్లీకి అప్పగించెను. పత్రిక 1939 సెప్టెంబరు 1వ తేదీవఱకు, అనగా జర్మనీ దండెత్తిన దినమువఱకును నడచెను. 1934 మొదలుకొని రేడియోలో వృద్ధవైద్యుడు అనుపేర ఆయన చేసిన ప్రసంగములను దేశమంతయు వినెను. కాని నిలయపు గోడల కావల దేశము మఱియొక పాఠమును నేర్పుచుండెను. యూదద్వేషము ప్రబలెను. ఆయన రేడియో ప్రసంగములు ఆగిపోయెను. పదునాలుగేండ్లకు గృహమును విడిచిన పిల్లలకు పనులు దొరకలేదు. నీతితో, న్యాయముతో పెంచి అవి లేని లోకములోనికి తోయుట ధర్మమా యను ప్రశ్న పుట్టెను. కోర్చాక్ దీనిని తేలికగా త్రోసిపుచ్చినవాడు కాడు. దాని బరువు ఆయన కడపటిదాక మోసెను.

1939లో జర్మనులు వార్సాను పట్టుకొనిరి. 1940 నవంబరులో నగరములోని యూదులందఱిని గోడలు కట్టిన వాడలోనికి తోలిరి. నిలయమును తరలించునపుడు పిల్లలకొఱకు తెచ్చిన ఉర్లగడ్డల బండిని సైనికులు లాగికొనగా, కోర్చాక్ ఫిర్యాదు చేయుటకు స్వయముగా అధికారులవద్దకు పోయెను. యూదులు తప్పక ధరింపవలసిన చేతిపట్టీని ఆయన ధరింపలేదు. ఆయనను చెఱలో వేసిరి. విడుదలయై వచ్చినపిమ్మట పిల్లలసంఖ్య రెండువందలకు పెరిగెను. అఱువదేండ్లు దాటిన ఆ వైద్యుడు సంచి భుజమున వేసికొని యింటింటికి తిరిగి ఆహారమును యాచించెను. శవములు వీధులలో పడియున్న ఆ వాడలో, ఆ యొక్కయింట పనుల పంపకము జరుగుచునే యుండెను; న్యాయస్థానము కూర్చుండుచునే యుండెను. రొట్టెముక్క బంగారముకంటె విలువైన దినములలో దానిని సమానముగా పంచుకొన్న పిల్లలు అర్థశాస్త్రములో ఉత్తీర్ణులైనట్లే.

1942 జూలై 18వ తేదీని ఆ పిల్లలు ఒక నాటకమును ప్రదర్శించిరి. అది మన రవీంద్రనాథ ఠాకూరు రచించిన పోస్టాఫీసు. జబ్బుతో గదిలో బంధింపబడి, కిటికీనుండి లోకమును చూచుచు, రాజువద్దనుండి ఉత్తరము వచ్చునని యెదురుచూచు అమలుని కథ. గోడలనడుమ చిక్కిన పిల్లలకు అమలుడు పరాయివాడు కాడు. రవీంద్రుడు అంతకు ముందటి సంవత్సరము ఆగస్టులో పరమపదించియుండెను. తన నాటకము ఎవరి కేకాలమున తోడుపడినదో ఆయన యెఱుగడు. నాలుగుదినములలో, జూలై 22వ తేదీని, వాడలోని యూదులను మారణస్థానమునకు తరలించుట ప్రారంభమయ్యెను.

ఆగస్టు మొదటివారమున, 5వ తేదీననియు 6వ తేదీననియు చెప్పుదురు, నిలయమునకు వంతువచ్చెను. ఇంచుమించు రెండువందలమంది పిల్లలు, స్తెఫానియా, తక్కిన యుపాధ్యాయులు, కోర్చాక్ వీధులవెంట నడచి రైలువద్దకు పోయిరి. తప్పించుకొను నవకాశములను మిత్రు లనేకమాఱులు కల్పింపజూచినను ఆయన యంగీకరింపలేదు. పిల్లలు క్రమముగా, ఒకరిచేయి నొకరు పట్టుకొని నడచిరని చూచినవారు చెప్పిరి. ట్రెబ్లింకానుండి వారిలో నెవ్వరును తిరిగిరాలేదు. నేడు అచట నిలిపిన పదునేడువేల స్మారకశిలలలో నొకదానిపై కోర్చాక్ పేరును, పిల్లల ప్రస్తావనయు చెక్కబడియున్నవి.

ఆయన ప్రయత్నము విఫలమయ్యెనా? న్యాయస్థానము నడపినపిల్లలను కాపాడుటకు ఏ న్యాయస్థానమును ముందునకు రాలేదు. కాని నేరము వారి విద్యలో లేదు. అక్షరములు నేర్చి, పట్టములు పుచ్చుకొని, లెక్కలలో ప్రవీణులై, ఆజ్ఞకు తలయొగ్గుటయే పౌరధర్మమని నేర్చినవారు ఆ రైళ్లను నడిపిరి. విద్యయందు ఏది లోపించిన మనుష్యు లట్లగుదురో, ఆ లోపమునే కోర్చాక్ క్రొహ్‌మాల్నా వీధిలో పూరింపబూనెను. 1978లో పోలెండు ప్రభుత్వము బాలలహక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితియందు ప్రతిపాదించినపుడు ఆయన భావములు దానికి ప్రేరకములయ్యెను. 1989 నవంబరు 20వ తేదీని ఆ యొడంబడిక యామోదింపబడెను. 1992లో భారతదేశము దానియందు చేరెను.

ఆయన యింటినుండి మనము గ్రహింపదగినవి బహువ్యయముతో గూడినవి కావు. తరగతిలో ఒక చీపురు, దానిని పట్టుటకు అందఱికిని వంతు. ప్రతిబాలునకును ఒక సొరుగో, సంచియో, దానిని పెద్దలు తాకరాదను నియమము. నాలుగు నాణెములు, వానికి బాలుడే వ్రాయు లెక్క. తగవు వచ్చినపుడు తోటివారి తీర్పు. ఇవి పాఠ్యపుస్తకమునకు ముందు రావలయును. పుస్తకము తరువాత వచ్చి, తా ననుభవించినదానికి పేర్లు చెప్పును. వీనిలో నన్నిటికంటె వెలయెక్కువైనది మాత్రము బజారున దొరకదు: ఆ పిల్లల యెదుట తన తప్పును వ్రాసికొని నిలువగల పెద్దమనిషి. మన బిడ్డలకు పౌరధర్మము పట్టుబడలేదని విచారించువారు, మన యిండ్లలోను బడులలోను అట్టి పెద్దలెందఱు గలరో ముందు లెక్కించుకొనవలయును.